నీలం కారు బ్రేకులు

2023 మార్చి నెల. గోదావరిఖని బస్టాండు దాటాక బొగ్గు లారీలు మలుపు తిరిగే చోట నా మెకానిక్ షెడ్డు. అది పెట్టి అప్పటికి పదకొండేళ్ళయింది. అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఓపెన్‌కాస్ట్ గనిలో, బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర డంపర్లకు ఫిట్టర్‌గా పనిచేశాను. డంపర్ అంటే ఇల్లంత ఎత్తుండే లారీ అనుకోండి, చక్రమే మనిషికన్నా పొడుగు. ఈ సంగతి మొదటే చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు రాయబోయే తప్పు డంపర్ గురించి తెలియని మెకానిక్ చేసి ఉంటే పోనీలే అనుకోవచ్చు. నాకు అంతా తెలుసు. తెలిసి కూడా ఆ పూట బుర్ర పెట్టలేదు.

మా షెడ్డుకు వచ్చేవి ఆటోలు, సామాన్లు మోసే ట్రాలీ ఆటోలు, బడిపిల్లల వ్యాన్లు, పెళ్ళిళ్ళ సీజన్లో కిరాయికి తిరిగే పెద్ద కార్లు. స్పోర్ట్స్ కారు రావడం అదే మొదలు. పద్నాలుగేళ్ళ పాతది. రెండే తలుపులు, నీలం రంగు, నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. ప్రశాంత్ దాన్ని హైదరాబాదులో థర్డ్ హ్యాండ్‌లో కొని, దారి పొడుగునా స్పీడ్ బ్రేకర్లకు కడుపు గీసుకుంటూ తెచ్చి నా ముందు నిలబెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, అండర్‌గ్రౌండ్ గనిలో ఎలక్ట్రీషియన్. "అన్నా, నువ్వే చూడాలె. హైదరాబాదుల ఇచ్చినోళ్ళు మంచిగున్నదనే చెప్పిన్రు" అన్నాడు. అమ్మేవాడు ఇంకేం చెప్తాడు?

బానెట్ ఎత్తి చూస్తే నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఇంజను బాగానే ఉంది. దానికి టర్బో ఉంది, అంటే పొగగొట్టంలోంచి పోయే గాలితోనే ఒక చిన్న ఫ్యాను తిరిగి, ఇంజనులోకి గాలిని బలవంతంగా నెడుతుంది. అందుకే అది మామూలు బండికన్నా రెండింతలు ఉరుకుతుంది. కానీ ఉరికే బండిని ఆపాల్సిన బ్రేకులు అరిగి కాగితమంత అయ్యాయి. పాత ఓనర్లు ఉరకడానికి పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా ఆపడానికి పెట్టలేదు.

ప్రశాంత్ కోరికల లిస్టు పెద్దదే. బండిని ఇంకా కిందికి దించే స్ప్రింగులు కావాలన్నాడు. పొగగొట్టం మోత పెంచాలన్నాడు. ఇంకా కిందికి దించితే మన కాలనీ రోడ్ల మీద బండి నడవదు, బోర్లా పాకుతుంది అని చెప్పాను. ముందు బ్రేకులు, ఆ తర్వాతే మిగతావి, ఇష్టముంటే ఉండు లేకపోతే తీసుకుపో అన్నాను. నా నోరు అంత మెత్తనిది కాదు. అతను మాత్రం నవ్వి సరే అన్నాడు. వారానికి ఒక్క సెలవు అతనికి. ఆ రోజంతా నా షెడ్డులోనే ఉండి, చేతులు నల్లగా చేసుకొని నాతోపాటు పని చేసేవాడు. డబుల్ జీతమిచ్చే సెలవు డ్యూటీని కూడా వదులుకొని వచ్చాడంటే ఆ కారు మీద మోజు ఎంతో అర్థం చేసుకోవచ్చు.

అతనితోపాటు వాళ్ళ నాన్న ఓదెలు కూడా వచ్చేవాడు. మా అందరికీ ఓదెలు కాక. ముప్పై ఏళ్ళు ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్. ఒక్క యాక్సిడెంటు లేదు. ఆ కుదుపులకు చివరికి నడుము పోయి, మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు కంపెనీలో ఉద్యోగం వారసత్వంగా ప్రశాంత్‌కు వచ్చింది. కాక కారును చూసి మొదటి రోజే పెదవి విరిచాడు. గిదేం బండి, కూసుంటె పండుకున్నట్టున్నది అన్నాడు. కొడుకు డబ్బు తగలేస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. అయినా రోజూ పొద్దున పదింటికల్లా షెడ్డుకొచ్చి, పాత టైరు మీద కూర్చొని పని చూసేవాడు.

చూసి ఊరుకుంటే బాగుండేది. ప్రతి నట్టుకూ ఒక సలహా. మా డంపర్ల గిట్ల చేస్తుండె, మా ఫోర్‌మెన్ గట్ల చెప్తుండె. మొదట్లో వినేవాణ్ణి. పది రోజులయ్యాక నాకు చిరాకు లేచింది. ఒకసారి కాక పానా అందుకొని చక్రం నట్టు బిగించబోతే, చేతిలోంచి తీసుకొని, కాకా నువ్వు కూర్చో, ఇది డంపర్ కాదు అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆయన మళ్ళీ ఏ వస్తువూ ముట్టుకోలేదు. నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

బ్రేకుల పని నెలన్నర పట్టింది. ముందు చక్రాలకు పెద్ద డిస్కులు వేశాను. డిస్కును రెండు వైపుల నుంచి పట్టి ఆపే కాలిపర్లు, ఒక్కో దాంట్లో నాలుగు పిస్టన్లు ఉండేవి తెప్పించి బిగించాను. పాత రబ్బరు గొట్టాలు తీసి ఉక్కు అల్లిక ఉన్న గొట్టాలు వేశాను. లైన్లలో కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ నింపాను. ఇది నూనెలా కనిపిస్తుంది కానీ నూనె కాదు, వేరే రసాయనం. ఎంత వేడెక్కినా తొందరగా మరగకుండా ఉండాలని దాన్ని అలా తయారు చేస్తారు. మార్చి మొదటి వారంలో ప్రశాంత్‌ను పక్కన కూర్చోబెట్టుకొని గోదావరి బ్రిడ్జి దాకా పోయి వచ్చాను. తొక్కితే తొక్కినంత, వదిలితే వదిలినంత. ఆ రోజు రాత్రి తృప్తిగా అన్నం తిన్నాను.

కొత్త ప్యాడ్లు వేసిన బండిలో మొదటి రోజుల్లో ఒకటి జరుగుతుంది. ప్యాడ్లు కొంచెం అరిగి పిస్టన్లు ముందుకు జరుగుతాయి. ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ పోతుంది కాబట్టి పైనున్న డబ్బాలో లెవెల్ గోరంత దిగుతుంది. అది జబ్బు కాదు, మామూలే. ప్రశాంత్‌కు ఈ సంగతి చెప్పాను. పక్కనే టైరు మీద కూర్చున్న ఓదెలు కాకకు చెప్పలేదు. ఆయనకు చెప్పాల్సిన పనేమిటని అనుకున్నాను.

అయిదారు రోజులు గడిచాయి. శుక్రవారం సాయంత్రం నేను ఒక ట్రాలీ ఆటో కింద పడుకొని క్లచ్ దించుతున్నాను. కాక వచ్చి వంగి, "సీనూ, జర హైడ్రాలిక్ ఆయిల్ ఉంటే పోస్తవా?" అన్నాడు. జాకీలకూ, ట్రాక్టర్ ట్రాలీ ఎత్తడానికీ వాడే నూనె అది. ఖాళీ నీళ్ళ బాటిల్ చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. బయటికి రావడానికి బద్ధకమేసి, మూల డబ్బాలో ఉంది పోసుకో కాకా అన్నాను. ఎందుకని అడగలేదు. వాళ్ళింట్లో ఏ తలుపు కీచుమంటుందో, ఏ జాకీ లేవడం లేదో అనుకున్నాను. ఆయన పోసుకొని పోయాడు.

ఆదివారం పొద్దున పది గంటలకు కాక మళ్ళీ వచ్చాడు. బాటిల్ బల్ల మీద పెట్టి, మిగిలింది వాపసు తెచ్చిన అన్నాడు. పావు లీటరు కూడా ఖర్చు కాలేదు. నవ్వుతూ, ఏం జాకీ కాకా ఇంత తక్కువ తాగింది అన్నాను.

"జాకీ కాదు. ప్రశాంతు బండి బ్రేకు డబ్బల తక్కువున్నది. నిన్న పొద్దుగాల మీదిదాక నింపిన."

 ఆయన అలా ఎందుకు చేశాడో ఆ మాట పూర్తి కాకముందే అర్థమైంది. డంపర్లో బ్రేకుకూ, వెనక తొట్టి ఎత్తడానికీ హైడ్రాలిక్ ఆయిలే. తక్కువైతే అదే పోస్తారు. నేనూ తొమ్మిదేళ్ళు అదే పోశాను. కారు బ్రేకుల్లో రబ్బరు వేరు. నూనె తగిలితే ఆ రబ్బరు నానిన శనగలా ఉబ్బుతుంది. ఉబ్బితే బ్రేకు పట్టుకుంటుంది కానీ వదలదు. అలా పట్టుకునే చక్రాలు తిరిగితే డిస్కు ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి లోపలి ద్రవం మరిగి ఆవిరైతే, ఇక పెడల్ తొక్కినా అడుగుకు పోతుంది. బండి ఆగదు.

బండి ఎక్కడుంది కాకా అని అడిగాను. నా గొంతు మారడం ఆయన గమనించాడు. ప్రశాంత్ చెల్లెలు రమ్యకు ఆ రోజు కరీంనగర్‌లో పరీక్ష. నర్సు ఉద్యోగానికి. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా హాల్లోకి పోవాలి. అన్న తన కారులో దింపుతానన్నాడు. తొమ్మిదిన్నరకు బయల్దేరారు. పెద్దపల్లిలో టిఫిన్ తిని పోతారు.

ప్రశాంత్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది. కాక నా వైపు చూసి నెమ్మదిగా, ఎత్తడు అన్నాడు. స్టీరింగ్ మీద కూర్చున్నప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని చిన్నప్పటి నుంచి ఆయనే నేర్పాడట. సైలెంట్‌లో పెట్టి డ్యాష్‌బోర్డులో వేస్తాడట. రమ్యకు చేయమన్నాను. పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరని ఆమె ఇంట్లోనే పెట్టి పోయింది.   షెడ్డు అలాగే వదిలేసి, నా పాత జీపు తీశాను. కాక అడగకుండానే ఎక్కి కూర్చున్నాడు.

జీపు నడుపుతూనే, కాకతో పెద్దపల్లిలో పంచర్ షాపు నడిపే రాజమల్లుకు ఫోన్ కలిపించాను. నాకు పాత దోస్తు. అతని షాపు మెయిన్ రోడ్డు మీదే. నీలం రంగు పొట్టి కారు వస్తే అడ్డం నిలబడైనా ఆపు అని చెప్పాను. సరేనన్నాడు. ఆ తర్వాత రామగుండం దాటి బసంత్‌నగర్ టోల్‌గేటు దారి పట్టాం. ముందు బొగ్గు టిప్పర్లు వరసగా పోతున్నాయి. ఒక్కో టిప్పర్‌ను దాటినప్పుడల్లా, దాని ముందు నీలం కారు ఉంటుందేమోనని చూశాను. ఉండాలని ఒక పక్క, ఉండకూడదని ఒక పక్క. టిప్పర్ ముందు బ్రేకులు లేని కారు అనే ఆలోచన వస్తే జీపును ఇంకా గట్టిగా తొక్కాను.

టోల్‌గేటు దాటాక కాక అడిగాడు. "ఏమైతది సీనూ? దాచకుంట చెప్పు."

చెప్పాను. పట్టుకుంటది, వదలదు, మండుతది, ఆ తర్వాత తొక్కినా ఏముండది అని నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయనకు అంతకన్నా అక్కర్లేదు. బ్రేకులు మండిన డంపర్ వాలు మీద ఎలా పోతుందో ఆయన కళ్ళారా చూసినవాడు. తర్వాత తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. కారు ఇంటికొచ్చిన రోజు నుంచీ రోజూ పొద్దున ఐదింటికి లేచి దాన్ని చెక్ చేస్తున్నాడట. డంపర్ ఆపరేటర్ షిఫ్టు మొదలు కాగానే బండి చుట్టూ ఒక రౌండు తిరుగుతాడు. ఆయిల్, నీళ్ళు, టైర్లు, నట్లు, లీకులు అన్నీ చూసి, తక్కువున్నవి నింపాకే స్టార్ట్ చేస్తాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. కొడుకు లేవకముందే చూసి, బానెట్ చప్పుడు కాకుండా మూసి, ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి కూర్చునేవాడట.

"వాడు గంత స్పీడు పోతడు. చూడకుంట ఎట్ల ఇడిసిపెడ్త?" అన్నాడు.

కారును రోజూ తిట్టిన మనిషి.  ఆయన అలా అద్దం ముందు చేతులు ముడుచుకొని కూర్చోవడం చూడలేక రోడ్డునే చూశాను. ముందు ఒకచోట రోడ్డు పక్కన జనం గుంపుగా ఉన్నారు.  కాక డ్యాష్‌బోర్డు పట్టుకొని ముందుకు వంగాడు. దగ్గరికి పోతే పుచ్చకాయల లోడు దించి అమ్ముతున్నారు. ఇద్దరం ఊపిరి వదిలాం. ఆ ఊరట నిలిచింది కూడా రెండు నిమిషాలే, రాజమల్లు ఫోన్ చేశాడు.

"సీనన్నా, గిప్పుడే పోయింది. చెయ్యి ఊపిన, చూడలే. ముందటి చక్రాల కాడ మాడు వాసనొచ్చింది."

అంటే రబ్బరు ఉబ్బింది. బ్రేకు పట్టుకోవడం మొదలైంది. నేను జీపును ఎంత తొక్కినా డెబ్బై దాటడం లేదు. ఈ ముసలి జీపుతో స్పోర్ట్స్ కారును అందుకోవాలని బయల్దేరినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. మామూలు రోజైతే నవ్వుకునేవాణ్ణి. అతను బ్రేకు వాడకుండా పోతే బాగుండునని మొక్కుకున్నాను. మళ్ళీ, బ్రేకు వాడకుండా ఎలా పోతాడని నన్ను నేనే తిట్టుకున్నాను. పెద్దపల్లి ఊళ్ళో ప్రతి సిగ్నలూ ప్రతి ఎద్దుబండీ నా మీద పగబట్టినట్టే అనిపించింది.

పెద్దపల్లి దాటి, సుల్తానాబాద్ ఇంకా రాకముందు, రోడ్డు ఎడమ పక్కన నీలం రంగు కనిపించింది. కారు ఆగి ఉంది. బతికాం అనుకున్నాను. అంతలోనే వెనక లైటు వెలిగింది. ప్రశాంత్ ఇంజను స్టార్ట్ చేశాడు. తర్వాత తెలిసింది, చక్రాల దగ్గర పొగ వస్తే ఆపి, పావుగంట చల్లారనిచ్చాడట. చల్లారాక బండి మామూలుగా కదిలింది. చెల్లెలికి టైమవుతోంది, మెల్లగా పోదాం అనుకున్నాడట. బ్రేకు గురించి తెలియనివాడికి అలాగే అనిపిస్తుంది. కాలిన బ్రేకు చల్లారి బాగైనట్టు కనిపించినప్పుడే అసలు మోసం. రెండోసారి వేడెక్కితే అది ఇక మాట వినదు.

నేను హారన్ మీద చెయ్యి పెట్టి వదల్లేదు. కారును దాటి ముందుకు పోయి అడ్డంగా ఆపాలన్నది నా ఆలోచన. దాటాను, జీపును పక్కకు తిప్పాను. అది పూర్తిగా ఆగకముందే ఓదెలు కాక దూకాడు. నడుము పోయిన మనిషి, ఎలా దూకాడో తెలియదు. కుంటుకుంటూ వెనక్కి పరిగెత్తి, వస్తున్న కారుకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. గనిలో వెనక్కి వచ్చే డంపర్‌ను ఆపే సైగ అది.

 ఆ బ్రేకులు పని చేయవని తెలిసిన మనిషే వాటి ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళ పనిలో నేను అంత భయపడ్డ క్షణం ఇంకొకటి లేదు.

కారు అప్పటికి ఇంకా వేగం అందుకోలేదు. ప్రశాంత్ పెడల్ తొక్కాడు. కీచుమని ముందు చక్రాలు గట్టిగా పట్టేశాయి, బండి పక్కకు ఈడ్చుకుపోయి, కాక మోకాళ్ళకు మూరెడు దూరంలో ఆగింది. ఆగాక ఇక కదల్లేదు. బ్రేకు వదల్లేదు. ఆయన చేతులు దించలేదు. రమ్య దిగి వచ్చి వాటిని పట్టుకొని కిందికి దించింది.

"బాపూ, చేతులు వణుకుతున్నయ్. కూసో" అంది. ఆ పిల్లకు ఇంకా ఏమీ తెలియదు. నర్సు చదువు చదివింది కదా, ముందు నాడి పట్టి చూసింది.

ప్రశాంత్ దిగి, పెడల్ రాయిలెక్క అయిందనీ, బండి వెనక్కి గుంజుతోందనీ చెప్తున్నాడు. నేను బానెట్ ఎత్తి బ్రేకు డబ్బా మూత తీశాను. మూతలోని రబ్బరు ఉబ్బి ముడతలు పడి, ఇక తిరిగి పట్టలేదు. లోపల రెండు రంగులు, కిందిది తేనె రంగు, పైన తేలుతున్నది నూనె. అతను కూడా తొంగి చూశాడు. గనిలో పనిచేసే ఎలక్ట్రీషియన్, చెప్పాల్సిన పని లేకపోయింది. ముఖం ఎర్రబడింది.

"ఎవలు పోసిన్రన్నా గిది?"

కాక తల దించుకొని నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడలేదు. "నా షెడ్డుల ఆయిలే ప్రశాంత్" అన్నాను. అబద్ధం కాదు. అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నెలన్నర నా పక్కన కూర్చొని పని నేర్చుకున్నవాడు. అతను ఏదో అనబోయాడు, నేను అవకాశం ఇవ్వలేదు. పదకొండు దాటింది, జీపు తాళం తీసుకో, ముందు రమ్యను దింపు, నన్ను తిట్టడానికి సాయంత్రం దాకా టైముంది అన్నాను. ఇద్దరూ జీపెక్కి పోయారు.

మేమిద్దరం కారు పక్కన మిగిలాం. బండిని లాగడానికి లారీ వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఎండ మండుతోంది. కాక, నువ్వెందుకు నీ మీదేసుకున్నవ్ అని అడిగాడు. ఆయిల్ నాదే కదా కాకా, ఎందుకని కూడా అడగకుండా ఇచ్చిన అన్నాను.

"అడిగితె చెప్తుంటి" అన్నాడాయన.

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అంతే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అడిగితే చెప్పేవాడు. చెప్తే నేను వద్దనేవాణ్ణి. రెండు మాటల పని. అసలు ఆయన నన్నెందుకు అడగలేదో కూడా నాకు తెలుసు. పానా చేతిలోంచి లాక్కున్నవాణ్ణి, ఇది డంపర్ కాదు అని అందరి ముందూ అన్నవాణ్ణి నేనే. తన కొడుకు బండిలో లెవెల్ తగ్గిందని వచ్చి చెప్తే మళ్ళీ ఏమంటానో అనుకొని, తన చేతనైనట్టు తానే చేసుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి ప్రశాంత్ షెడ్డుకొచ్చాడు. రమ్య పరీక్ష రాసింది, బస్సులో ఇంటికి పంపాడు. అతను నాతో మాట్లాడకముందే కాక టైరు మీది నుంచి లేచాడు. పోసింది సీను కాదు, నేను అన్నాడు. దాచుకోకుండా మొత్తం చెప్పాడు. తెల్లవారుజామున లేవడం, బానెట్ ఎత్తడం, లెవెల్ తగ్గిందని చూడడం, అన్నీ.  ప్రశాంత్‌కు కోపం వస్తుందేమో, అరుస్తాడేమో అని నేను మధ్యలోకి పోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"రోజు చూస్తున్నవా బాపూ?" అన్నాడు. "ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"నీ బండి అంటె నాకు పడదని అందరికి చెప్పిన కదరా" అన్నాడు కాక. ఆ మాటకు ప్రశాంత్ నవ్వబోయి ఏడ్చేశాడు. నేను స్టవ్ మీద టీ పెట్టే వంకతో లోపలికి పోయాను.

ఆ నూనె తగిలిన రబ్బరు ముక్క ఒక్కటి కూడా ఉంచకూడదు. కడిగితే పోయేది కాదు. పెడల్ దగ్గర ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్, నాలుగు కాలిపర్ల సీళ్ళు, నేను గొప్పగా వేసిన కొత్త గొట్టాలు, అన్నీ తీసి పారేశాను. మూడు వారాల పని. ఈసారి కాకను టైరు మీద కూర్చోనివ్వలేదు. పాత సీలునూ కొత్త సీలునూ రెండు అరచేతుల్లో పెట్టి చూడమన్నాను. పాతది దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. ఏ ద్రవం ఎందుకు, ఏ రబ్బరు దేన్ని తట్టుకుంటుంది, లెవెల్ గోరంత దిగితే ఎందుకు ఊరుకోవాలి, అన్నీ చెప్పాను. ఆయన ఒక్కో ప్రశ్న ఎంత సూటిగా అడిగాడంటే, రెండింటికి నాకే జవాబు తెలియక కంపెనీ పుస్తకం తిరగేయాల్సి వచ్చింది. చివర్లో లైన్లలోంచి గాలి తీసే పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర గాలి బయటికి పోయే నిపుల్ విప్పి మూయాలి. కాక పెడల్ మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు బ్రేకు తొక్కిన కాలు అది. ఎంత ఒత్తిడికి ఎంత దిగుతుందో నా చేతికి తెలియకముందే ఆయన కాలికి తెలిసింది.

ఇప్పుడు వాళ్ళింట్లో పొద్దున ఐదింటికి తండ్రీకొడుకులిద్దరూ బానెట్ ఎత్తుతారట. రమ్య నవ్వుతూ చెప్పింది. ఆమెకు ఆ ఉద్యోగం ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది.

ఈ కేసు నాకు నేర్పింది మెకానిక్ స్కూళ్ళలో చెప్పేది కాదు. అప్పటిదాకా నేను ఏమీ తెలియనివాళ్ళకు ఓపికగా చెప్పేవాణ్ణి. ఆడవాళ్ళకు, కొత్తగా బండి కొన్నవాళ్ళకు విసుక్కోకుండా అన్నీ వివరించేవాణ్ణి. ఆ విషయంలో నాకు మంచి పేరే ఉంది. కానీ ఏమీ తెలియనివాడు బ్రేకు డబ్బా మూత తియ్యడు. తీసినా అడిగి తీస్తాడు. ఒక యంత్రాన్ని ముప్పై ఏళ్ళు నడిపినవాడు మాత్రం ఇంకో యంత్రం ముందు నిలబడినప్పుడు అడగడు, ఎందుకంటే తనకు తెలుసు. ఎక్కువ చెప్పాల్సింది అతనికే. నేను మాత్రం అతణ్ణే కూర్చోబెట్టి నోరు మూయించాను.

పని తొందరలో కాకకు చెప్పడం మరిచిపోయానని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పను. అది మరుపు కాదు, పొగరు. ఆ పొగరుకు ఆ ఆదివారం కరీంనగర్ రోడ్డు మీద ఓదెలు కాక ఇద్దరు పిల్లలూ పోయేవాళ్ళు.